పాత కారు ఇంజిన్ మొరాయిస్తే: వీధి షెడ్డా, కంపెనీ సర్వీస్ సెంటరా?

మే నెల ఎండలో నల్గొండ నుంచి హైదరాబాద్ బయలుదేరాం. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కేదాకా అంతా సవ్యంగానే ఉంది. చిట్యాల దాటాక వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి జరిగింది. ఎలాగూ చౌటుప్పల్‌లో టీ తాగుతాం, అక్కడే బానెట్ ఎత్తి చూద్దాం అనుకుని నడిపాను. రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం చిన్న సంగతే. దాన్ని ఇంజిన్ పని దాకా తెచ్చింది మాత్రం టీ కొట్టు దాకా ఆపకుండా నడిపిన ఆ కొద్ది కిలోమీటర్లే.

కారు 2009 నాటిది, ఏపీ 24 నంబరున్న చిన్న పెట్రోలు బండి. పదిహేనేళ్లు నిండాక మరో అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను కాబట్టి 2029 దాకా కాగితాలకు ఢోకా లేదు. లాగించి తెచ్చి రెండుచోట్ల చూపించాను. వీధి చివరి షెడ్డులో 11,000 రూపాయలన్నారు. సర్వీస్ సెంటర్‌లో 34,000 అని అచ్చు కాగితం చేతికిచ్చారు. రెండుచోట్లా చెప్పిన జబ్బు ఒకటే: హెడ్ గాస్కెట్ పోయింది, అంటే ఇంజిన్ అడుగు దిమ్మె (బ్లాకు)కూ దాని మీది మూత (హెడ్డు)కూ మధ్య నీళ్లు, ఆయిల్, ఒత్తిడి బయటికి పోకుండా ఆపే పలుచని పలక. 23,000 తేడా కంటిముందు కనిపిస్తుంటే ఎవరైనా షెడ్డుకే పరుగెత్తుతారు. నేనూ అదే చేసేవాణ్ని, షెడ్డులోని పెద్ద మెకానిక్ ఒక ప్రశ్న అడగకపోతే. “రేడియేటర్‌లో ఏ నీళ్లు పోస్తున్నారు సార్?”

ఇంటి బోరు నీళ్లు. మా జిల్లా బోరు నీళ్ల సంగతి ప్రపంచానికే తెలుసు. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు మరి. పళ్ల మీద మచ్చ తెచ్చే ఫ్లోరైడ్ వేరు, రేడియేటర్‌ను పూడ్చే సున్నపు లవణాలు వేరు. కానీ బోరు నీళ్లను తాగడానికి జంకే మనం కారుకు మాత్రం బిందెలతో పోస్తాం. సన్నని గొట్టాల్లో గట్టి పొర కట్టి నీటి దారి మూసుకుపోతుంది. గాస్కెట్ ఒక్కటే మారిస్తే వచ్చే వేసవికి మళ్లీ అదే కథ.

సర్వీస్ సెంటర్ కాగితాన్ని అప్పుడు మళ్లీ చదివాను. అందులో కొత్త రేడియేటర్, వాటర్ పంపు, వేడిని బట్టి నీటి దారి తెరిచే థర్మోస్టాట్, గొట్టాలు, ఉత్త నీళ్లకు బదులు పోసే కూలెంట్ అన్నీ ఉన్నాయి. షెడ్డు 11,000లో గాస్కెట్, ఆయిల్, కూలి తప్ప వేరే ఏమీ లేదు. అంటే నేను ఒకే పనికి రెండు ధరలు పోల్చడం లేదు. రెండు వేర్వేరు పనులను పోలుస్తున్నాను.

అందుకే ధర అడిగేముందు జబ్బు ఎంత లోతుదో తెలియాలి. అందులో సగం మనమే పట్టుకోవచ్చు. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడే ముల్లు లేచి, పరుగు అందుకోగానే దిగితే ముందు ఫ్యానును, దాని స్విచ్చును అనుమానించాలి. రహదారి మీద వేగంలోనూ లేస్తే నీళ్లు తగ్గాయి, లేదా రేడియేటర్ పూడింది, లేదా థర్మోస్టాట్ బిగుసుకుంది. ఇంజిన్ చల్లారాకే రేడియేటర్ మూత తీసి, అప్పుడు స్టార్ట్ చేసి చూడండి. బుడగలు ఆగకుండా పొంగుతుంటే గాస్కెట్ మీదే అనుమానం. ఆయిల్ మూత అడుగున పాలమీగడలాంటి జిగురు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి. చలికాలంలో తక్కువ దూరాలే తిరిగే బండికి మూత కింద కాస్త తెల్లటి తడి ఉండడం మామూలే, దానికి కంగారు వద్దు.

పొగ సంగతి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే, వాల్వుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు అరిగాయని లెక్క. ఆయిల్ చూసుకుంటూ ఏడాది నెట్టుకురావచ్చు, నా దృష్టిలో అది రోగమే కాదు, వయసు. బరువు లాగేటప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం వస్తే, పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపే రింగుల మీద అనుమానం. నల్ల పొగకు చాలాసార్లు ఇంజిన్ దించే పనే ఉండదు, గాలి ఫిల్టరో ఇంధనం సరఫరానో చూస్తే చాలు. ఆయిల్ దీపం ఎర్రగా వెలిగితే మాత్రం ఆలోచన లేదు, అక్కడికక్కడే ఆపాలి.

తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి వస్తోందో గేజీతో కొలుస్తారు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే తప్పు వాల్వుల్లోనో గాస్కెట్‌లోనో ఉన్నట్టు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య గాస్కెట్ తెగిందనుకోవాలి. ఇది చేయకుండా “ఇంజిన్ దించాల్సిందే” అన్న చోట, అది షెడ్డయినా అద్దాల షోరూమయినా, నేను బండి వదలను.

ఇక ఏది మేలు? నా బండిలాంటి పాత పెట్రోలు కారుకు షెడ్డే. పాత భాగాన్ని బాగుచేసే నేర్పు అక్కడుంది, సర్వీస్ సెంటర్‌లో భాగాలు మార్చడమే పద్ధతి. వేడెక్కిన అల్యూమినియం హెడ్డు వంగుతుంది. దాన్ని సమంగా చెక్కించకుండా కొత్త గాస్కెట్ వేస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే. ట్రాక్టర్లు, మోటార్లు తిరిగే జిల్లాలో, అందులోనూ రైసు మిల్లుల మిర్యాలగూడ పక్కనుండగా, లేత్ షాపుకు కొదవేముంది? షెడ్డుకు నా షరతులు మూడు: ఆ చెక్కుడు, అంటే హెడ్డు ఫేసింగ్, నా ఎదుట జరగాలి, సామాను అసలు కంపెనీది కొని దాని బిల్లు ఇవ్వాలి, తీసిన పాత భాగాలు నాకు అప్పగించాలి. మూడోదానికి ముఖాలు కాస్త ముడుచుకున్నాయి, కానీ ఒప్పుకున్నారు.

కామన్ రైల్ డీజిల్ కారయితే, అంటే ఒకే గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ గట్టి ఒత్తిడితో డీజిల్ అందించే బండి అయితే, నా తీర్పు తిరగబడుతుంది. వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో పనిచేసే ఇంజెక్టర్లను దుమ్ములో విప్పకూడదు. సెన్సార్ల తప్పును చెవితో పట్టలేం. అక్కడ సర్వీస్ సెంటర్‌కో, పరికరాలున్న డీజిల్ పంపు నిపుణుడికో డబ్బు పెట్టడమే సబబు. పని మీద రాతపూర్వకమైన హామీ ఉండడం కూడా చిన్న విషయం కాదు.

మధ్యలో ఒక బంధువు మూడో దారి చెప్పాడు: “తుక్కు బండి ఇంజిన్ ఒకటి పట్టుకొచ్చి బిగించెయ్ బావా, పీడా పోతుంది.” దాని చరిత్ర ఎవరికీ తెలియదు. పైగా ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. రవాణా శాఖ అనుమతితో మార్పించుకోకపోతే అమ్మేటప్పుడూ, బీమా అడిగేటప్పుడూ తలనొప్పి. బ్లాకు పగిలితే తప్ప ఆ దారి నాకు వద్దు.

చివరికి షెడ్డులో హెడ్డు ఫేసింగ్, గాస్కెట్, కొత్త రేడియేటర్, థర్మోస్టాట్, కూలెంట్ కలిపి 19,500 అయింది. తీసిన పాత రేడియేటర్‌ను ఇంటికి తెచ్చి అడ్డంగా కోయించి చూశాను. సగం గొట్టాల్లో తెల్లటి సున్నం, అగ్గిపుల్ల కూడా దూరదు. దాన్ని బోరు పంపు పక్కనే గోడకు వేలాడదీశాను. బిందె పట్టుకుని కారు వైపు ఎవరు నడిచినా ముందు దాన్నే చూడాలి.