సింకు కింది కార్బన్ ఫిల్టర్: ద్రావణుల నుంచి ఎంతవరకు కాపాడుతుంది?

బోస్టన్ శివార్లలో సొంత బోరు ఉన్న ఇంటికి మారాక వంటగది సింకు కింద కార్బన్ బ్లాక్ ఫిల్టర్ బిగించుకున్నాం. దగ్గరలోని వోబర్న్ పట్టణం సంగతి తెలిసిన వారికి ఈ జాగ్రత్త అతిగా అనిపించదు. అక్కడ 1964లో, 1967లో వాడకంలోకి వచ్చిన, ఊరికి నీళ్లిచ్చే జీ, హెచ్ బావుల నీళ్ల రుచీ వాసనా బాగాలేవని జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నా, అవి మూతపడింది మాత్రం 1979 మేలో, లోహాలకు అంటిన జిడ్డు వదిలించే ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావణి వంద కోట్ల పాళ్లలో 267 పాళ్లు ఉన్నట్టు పరీక్షలో తేలిన తర్వాతే. ఇప్పుడు అమెరికాలో అనుమతించే గరిష్ఠ పరిమితి 5 పాళ్లు. ఆ ఊరి పిల్లల్లో ఎందరికో లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చింది.

మన ఇళ్లలో నీళ్ల మంచిచెడ్డలు టీడీఎస్ మీటరు చూసి తేల్చేస్తాం. అది కొలిచేది లవణాలను మాత్రమే. అయాన్లుగా విడిపోని ఈ ద్రావణి నీళ్లలో ఎంత ఉన్నా అంకె కదలదు. కాచి తాగినా మేలు లేదు, ఎందుకంటే మరిగే నీటిలోంచి అది వంటింటి గాలిలోకి చేరుతుంది. ఆర్వో పొర కూడా ఉప్పును ఆపినంత గట్టిగా దీన్ని ఆపదు. దీన్ని పట్టుకునేది కార్బన్ ఫిల్టర్‌లోని బొగ్గే.

మేము కొన్న ఫిల్టర్‌కు నీటి ఫిల్టర్లకు ప్రమాణాలు పెట్టే ఎన్‌ఎస్‌ఎఫ్ సంస్థ 53వ ప్రమాణం కింద వీఓసీల (ఇలా తేలిగ్గా ఆవిరయ్యే కర్బన రసాయనాల) తొలగింపు ధ్రువీకరణ ఉంది. కొనేవారు 53, వీఓసీ అనే రెండు మాటలూ కలిపి చూసుకోవాలి: 42 అంటే క్లోరిన్ రుచి, వాసనలకు సంబంధించినది, 53 అని ఉన్నా అది సీసానికి మాత్రమే కావచ్చు. బిగించడం తేలికే. మొదట కాసేపు నల్లటి నలుసులతో నీళ్లు వస్తాయి, అవి పోయేదాకా వదిలేయాలి. ధార కాస్త సన్నబడింది, బిందె నిండడానికి ఓపిక పట్టాలి.

నాకు నచ్చనిది దాని సూచిక దీపం. అది గడిచిన నెలలను లెక్కిస్తుందే గానీ బొగ్గు నిండిపోయిన సంగతి చెప్పలేదు. నిండిన బొగ్గు ద్రావణిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. పైగా స్నానపు వేడినీళ్ల ఆవిరితో లోపలికి పోయేదానికి సింకు కింది ఫిల్టర్ అడ్డుకాదు. నీళ్లలో ద్రావణి ఉందని తేలిన ఇంటికి, మొత్తం నీరు వరుసగా రెండు కార్బన్ ట్యాంకుల గుండా వెళ్లే ఏర్పాటే సరైనది.

అందుకే ఫిల్టర్ కొనే ముందు ధ్రువీకరణ ఉన్న ప్రయోగశాలలో వీఓసీ పరీక్ష చేయించండి. వారిచ్చే చిన్న సీసాను గాలిబుడగ ఒక్కటీ మిగలకుండా అంచుదాకా నింపి మూత పెట్టాలి. ఖాళీ ఉంటే ద్రావణి అందులోకి ఆవిరై అసలు లెక్క తక్కువగా వస్తుంది.