గూగుల్ లెన్స్: వరద వీడియోల గుట్టు ఎంతవరకు విప్పుతుంది?

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. అలాంటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ పేరుతో ఏ వీడియో వచ్చినా వేలు ఫార్వర్డ్ మీదకే పోతుంది. 2018లో సైన్స్ పత్రికలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపింది కూడా అదే: ట్విటర్‌లో అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ. దానికి ముఖ్య కారణం మనుషులే, బాట్లు (వాటంతటవే పోస్టులు పెట్టే ప్రోగ్రాములు) కాదు.

ఫార్వర్డ్ చేసేముందు గూగుల్ లెన్స్‌తో చూడండి: బొమ్మ ఇస్తే అలాంటిది నెట్‌లో ఎక్కడుందో వెతికిపెడుతుంది, ఉచితం. షాపు బోర్డో, బ్యారేజీ గేట్లో స్పష్టంగా కనబడే చోట వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. పైన అతికించిన ఎర్రక్షరాల పట్టీ కత్తిరించాలి, లేదంటే వెతుకులాట ఆ అక్షరాల వెంట పోతుంది. ఆ స్క్రీన్‌షాట్‌ను లెన్స్‌లో వేయండి. ఒక్క ఫ్రేముతో సరిపెట్టుకోవద్దు, నాలుగైదు వేయండి. దొరికినవాటిలో అన్నిటికంటే పాత తేదీయే అసలు సాక్ష్యం. అది వరదకు ముందుదైతే వీడియో ఈ వరదది కాదు. ఏమీ దొరకలేదంటే మాత్రం నిజమని అనుకోకండి!

బొమ్మను కుడిఎడమలు తిప్పేసినా, ఫార్వర్డ్ అయ్యీ అయ్యీ మసకబారినా లెన్స్ తడబడుతుంది. కట్ట తెగిందనే ఆడియోలకైతే అసలు పనికిరాదు. అక్కడ వాట్సాప్ రెండు బాణాల గుర్తు చూడండి: కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని అర్థం. కట్ట పేరు, టైము రాసుకుని కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేయాలి.