ఉద్యోగం చేసుకుంటూ జీమ్యాట్‌కు చదివేవారికి హెచ్చరిక: ‘మీ కోసమే తయారుచేసిన స్టడీ ప్లాన్’ కొనే ముందు ఇది చదవండి

ఉద్యోగస్తుల షిఫ్టులకు, సెలవులకు తగినట్టు ఒక్కొక్కరికీ విడివిడిగా జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) స్టడీ ప్లాన్ తయారుచేసి ఇస్తామని చెప్పుకునే సంస్థ నుంచి నేను కోర్సు కొన్నాను. పేరు రాస్తే లీగల్ నోటీసు పంపుతామని వారు నిన్ననే మెయిల్‌లో సెలవిచ్చారు కనుక రాయడం లేదు. రాయనక్కర కూడా లేదు, ఎంబీఏ అన్న మాటను ఒక్కసారి వెతికినా ఆ తర్వాత నెల పొడవునా మీ ఫోన్‌లో ప్రత్యక్షమయ్యే ఆ నీలిరంగు ప్రకటన ఎవరిదో మీలో చాలామందికి తెలుసు.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. రాత్రి 7 నుంచి 10 వరకు అమెరికా క్లయింటుతో కాల్స్ ఉంటాయి, రిలీజ్ ఉన్న వారాంతాల్లో శని, ఆదివారాలు కూడా మావి కావు. ఆఫీసుకు వెళ్లే దారిలోనే ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్ గేటు కనిపిస్తుంది కాబట్టి ఎప్పటికైనా లోపలికి వెళ్లాలన్న కోరిక పుట్టడం సహజమే. సేల్స్ అబ్బాయి గంటకు పైగా మాట్లాడి నా షిఫ్టు వేళలు, నిద్ర వేళలు, ఇంటి పనులు, చివరికి నేను క్యాబ్‌లో ఎంతసేపు కూర్చుంటానో కూడా రాసుకున్నాడు. ‘అక్కా, మీ తమ్ముడు చెప్పాడనుకోండి, ఈ వివరాలతో మా నిపుణులు మీ ఒక్కరి కోసమే ప్లాన్ గీస్తారు’ అన్నాడు. డబ్బు కట్టిన మరుసటి రోజు నుంచి ఆ తమ్ముడు ఫోన్ ఎత్తలేదు.

వారి షరతుల్లోని చమత్కారం చూడండి. రిఫండ్ అడిగే గడువు డబ్బు చెల్లించిన రోజు నుంచి 7 రోజులు. స్టడీ ప్లాన్ చేతికి వచ్చేది 10 పనిదినాల్లో. అంటే సరుకు ఎలా ఉందో చూసే అవకాశం రాకముందే దాన్ని తిప్పి పంపే హక్కు పోతుంది. ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి జీతం తీసుకునే నేను ఈ రెండు వాక్యాలనూ చదివి కూడా పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, ఇందుకు నాకు ఏ అవార్డు ఇచ్చినా తక్కువే.

చివరికి ప్లాన్ వచ్చింది. మొదటి పేజీలో నా పేరు పెద్ద అక్షరాలతో, బంగారు అంచుతో ఉంది. లోపలి పేజీల్లో మాత్రం ‘మీ బ్యాంకు బ్రాంచి మూసిన తర్వాత సాయంత్రం 6 గంటలకు చదవడం మొదలుపెట్టండి’ అని ఉంది. నేను ఏ బ్యాంకులోనూ పనిచేయను. ఎవరి కొలతలకో కుట్టిన జాకెట్టుకు నా పేరు చీటీ అంటించి పంపారన్నమాట. లైవ్ క్లాసులు రాత్రి 8 గంటలకు, సరిగ్గా నేను కాల్స్‌లో ఉండే వేళకు పెట్టారు. రికార్డింగ్ చూసుకోవచ్చు గానీ వారం దాటితే అది తెరుచుకోదు.

అక్కడితో ఆగి ఉంటే వేళలు నేనే సర్దుకునేదాన్ని, ఈ పోస్టు కూడా రాసేదాన్ని కాదు. అసలు దారుణం పాఠ్యాంశాల్లో ఉంది. పాత జీమ్యాట్ 2024 జనవరి 31తో ముగిసిపోయింది. 2023 నవంబరులో మొదలైన కొత్త పరీక్షలో మూడే విభాగాలు, ఒక్కొక్కదానికి 45 నిమిషాలు: క్వాంటిటేటివ్‌లో (లెక్కలు) 21 ప్రశ్నలు, వెర్బల్‌లో (ఇంగ్లిష్) 23, డేటా ఇన్‌సైట్స్‌లో (పట్టికలు, గ్రాఫుల నుంచి సమాచారం విశ్లేషించడం) 20. వెర్బల్ నుంచి సెంటెన్స్ కరెక్షన్‌ను (వాక్యాల్లో వ్యాకరణ తప్పులు సరిదిద్దే ప్రశ్నలను), క్వాంటిటేటివ్ నుంచి జామెట్రీని తొలగించారు, వ్యాసం రాసే విభాగాన్ని పూర్తిగా ఎత్తివేశారు. ఇవన్నీ పరీక్ష నిర్వహించే సంస్థ తన సైట్‌లో బహిరంగంగా పెట్టిన విషయాలే. నాకు ‘ప్రత్యేకంగా’ తయారైన ప్లాన్‌లో మాత్రం 6 వారాలు సెంటెన్స్ కరెక్షన్‌కు, 3 వారాలు త్రిభుజాలకు, వృత్తాలకు కేటాయించారు, ప్రతి శనివారం ఒక వ్యాసం రాసి పంపమన్నారు. డేటా ఇన్‌సైట్స్ అన్న పేరు ఎక్కడా కనిపించలేదు. దాని స్థానంలో పాత పరీక్షలోని ఇంటిగ్రేటెడ్ రీజనింగ్ పేరుతో ఒకే ఒక్క ఆదివారం కేటాయించి, ‘దీని మార్కులు మొత్తం స్కోరులో కలవవు కాబట్టి చివర్లో తీరిక ఉంటే చూసుకోండి’ అని సలహా కూడా జతచేశారు. పాత పరీక్షలో అది నిజమే. కొత్త పరీక్షలో మొత్తం స్కోరు మూడు విభాగాల నుంచీ సమానంగా వస్తుంది. అంటే మూడో వంతు స్కోరును తీరిక ఉంటే చూసుకోమన్నారు, లేని విషయాలకు రెండు నెలలు ధారపోయమన్నారు.

ఇక ప్లాన్ చివర నా లక్ష్యం 720 అని, అది గ్యారంటీ అని అచ్చువేశారు. కొత్త పరీక్షలో స్కోర్లు 205 నుంచి 805 వరకు ఉంటాయి, ప్రతి స్కోరూ 5 అంకెతోనే ముగుస్తుంది. 715 రావచ్చు, 725 రావచ్చు, 720 మాత్రం ఈనాడు పరీక్ష రాసే ఏ ఒక్కరికీ రాదు. ఎవరికీ రాని స్కోరును గ్యారంటీగా ఇస్తామని సంతకం చేసిన సంస్థ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఇవన్నీ రాసుకుని ‘ప్రీమియం మెంటర్’తో సమయం అడిగాను. ఎన్నో గుర్తుచేతల తర్వాత వీడియో కాల్ కుదిరింది. నేను ఈ పోస్టు రాయడానికి ఆ కాల్ ఒక్కటే కారణం. స్క్రీన్ పంచుకుని, ఒకవైపు వారి ప్లాన్‌ను, మరోవైపు పరీక్ష నిర్వాహకుల అధికారిక పేజీని పెట్టి, ఇందులో సెంటెన్స్ కరెక్షన్ ఎక్కడుందో చూపించండి అని మర్యాదగానే అడిగాను. ఆయన కాసేపు చూశారు. పక్కనున్నవారెవరితోనో మైకు ఆపి మాట్లాడారు. తిరిగి వచ్చి, ఏ తొట్రుపాటూ లేకుండా, ‘మేడం, గ్రామర్ ఎప్పుడైనా పనికొచ్చేదే కదా, పరీక్షలో రాకపోయినా మీ ఆఫీసు మెయిళ్లలో పనికొస్తుంది’ అన్నారు.

వేళాకోళం చేస్తున్నారనుకున్నాను. ఆయన ముఖంలో అలాంటి జాడ లేదు. మరి డేటా ఇన్‌సైట్స్ సంగతేమిటని అడిగితే, తమ ప్లాన్‌తో ఎందరో ఐఎస్‌బీకి వెళ్లారని, వారెవరికీ రాని సమస్య నా ఒక్కదానికే వచ్చిందంటే అది ఎక్కడుందో నేనే ఆలోచించుకోవాలని చెప్పారు. ఆ తర్వాత అన్న మాట ఇప్పటికీ చెవిలో గింగురుమంటూనే ఉంది. ‘ఉద్యోగం చేసేవాళ్లందరూ ఇంతే మేడం, చదవడానికి టైమ్ లేదని ఒప్పుకోలేక ప్లాన్‌లో తప్పులు వెతుకుతారు.’ తెల్లవారుజామున 5 గంటలకు లేచి, పరీక్షలోనే లేని వృత్తాల మీద వారు పంపిన లెక్కలన్నీ చేసి, జవాబులు అప్‌లోడ్ చేసిన మనిషితో ఆయన ఈ మాట అన్నారు. ఆ జవాబులు ఎవరూ తెరిచి కూడా చూడలేదని యాప్‌లో స్పష్టంగా కనిపిస్తోంది. ఆ మాట చెప్పేలోపే కాల్ ముగిసింది. ముగిసిన నిమిషానికి నన్ను వాట్సాప్ గ్రూపు నుంచి తొలగించారు. తొలగించిన మరు నిమిషంలో ‘ఈరోజు మీ మెంటర్ సెషన్ ఎలా ఉంది? ఐదు నక్షత్రాలు ఇచ్చి ప్రోత్సహించండి’ అని సందేశం వచ్చింది. ఇది నేను కల్పించినది కాదు, నా దగ్గర ఉంది.

సరే, డబ్బు ఆపేద్దామనుకున్నాను. అప్పుడు తెలిసింది, నేను కట్టవలసినది ఆ సంస్థకు కాదని. ‘సీటు బ్లాక్ చేయడానికి’ అని సేల్స్ అబ్బాయి చెప్పించుకున్న ఓటీపీ నిజానికి ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద ఇచ్చిన అప్పుకు నా అంగీకారం. ‘నో కాస్ట్ ఈఎంఐ’, అంటే వడ్డీ లేని వాయిదాలన్నది ఇదే. ఫీజు మొత్తం కోచింగ్ సంస్థకు మొదటిరోజే చేరిపోయింది, నెలనెలా వాయిదా నా ఖాతా నుంచి ఆటో డెబిట్‌లో పోతుంది. కోర్సు బాగాలేదని ఫైనాన్స్ కంపెనీకి చెబితే అది కోచింగ్ సంస్థతో తేల్చుకోమంటుంది. కోచింగ్ సంస్థేమో అప్పు మీకూ ఫైనాన్స్ కంపెనీకీ మధ్య విషయమంటుంది. డిజిటల్ అప్పులకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది, ఆ గడువులో అసలును, వాడుకున్న రోజులకు ఖర్చును చెల్లించి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ప్లాన్ చేతికి వచ్చేనాటికి నా విషయంలో అదీ దాటిపోయింది, ఎంత చక్కగా లెక్కవేశారో చూడండి.

నాకు మరీ ఒళ్లు మండేది ఎక్కడంటే, ఉద్యోగస్తులకు ప్లాన్ వేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఈ వారంలో నేనే కూర్చుని వేసుకున్నాను. మొదట అధికారిక సైట్‌లో ఉచితంగా దొరికే రెండు పూర్తి మాక్ పరీక్షల్లో ఒకటి రాసి మనం ఎక్కడున్నామో చూసుకోవాలి, రెండోదాన్ని చివరి దశ కోసం దాచుకోవాలి. సాయంత్రాలు మన చేతిలో ఉండవు కాబట్టి అలసిపోకముందు ఉండే పొద్దుటి గంటన్నరలో ఒక రోజు క్వాంటిటేటివ్, ఒక రోజు వెర్బల్, ఒక రోజు డేటా ఇన్‌సైట్స్ చొప్పున 45 నిమిషాలు గడియారం పెట్టుకుని చేసి, మిగిలిన సమయంలో జవాబు ఎందుకు తప్పిందో నోటుబుక్కులో రాసుకోవాలి. డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు (ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా అని అడిగేవి) ఇప్పుడు క్వాంటిటేటివ్‌లో కాక డేటా ఇన్‌సైట్స్‌లో వస్తాయి, తెర మీది క్యాలిక్యులేటర్ కూడా ఆ ఒక్క విభాగంలోనే ఉంటుంది, కాబట్టి క్వాంటిటేటివ్‌కు చేతి లెక్కలు అలవాటు చేసుకోవాలి. విభాగాల వరుసను మనమే ఎంచుకోవచ్చు, ఒక్కో విభాగంలో మూడు జవాబుల వరకు వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. ఈ రెండూ సాధనలో భాగం కావాలి. వారి ప్లాన్‌లో ఇవేవీ లేవు. పరీక్ష తేదీని మాత్రం నేను దరఖాస్తు చేయదలచిన రౌండు గడువుకు ముందు వారంలో పెట్టారు. స్కోరు తక్కువ వస్తే మళ్లీ రాయడానికి కనీసం 16 రోజుల విరామం ఉండాలన్న నియమం కూడా తెలియని నిపుణులు నా ఒక్కదాని కోసం గీసిన ప్లాన్ అది.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నానో చెబుతాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఒప్పందంలో వివాదాలన్నీ వారి ఊరి కోర్టులోనే తేల్చుకోవాలని రాసుకున్నారు గానీ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి కమిషన్ ఫీజు కూడా లేదు. కోచింగ్ రంగంలో తప్పుదారి పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి ఆ 720 గ్యారంటీ కాగితాన్ని ఫిర్యాదుకు జతచేశాను. ఫైనాన్స్ కంపెనీకి విడిగా రాతపూర్వకంగా రాశాను, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరకు వెళతాను. అంతవరకు వాయిదాలు కడుతూనే ఉన్నాను, ఎందుకంటే కోపంలో ఆటో డెబిట్ ఆపేస్తే బౌన్సు ఛార్జీలు, పాడైన సిబిల్ స్కోరు మన ఖాతాలోకే వస్తాయి. మీరూ ఆ పని చేయకండి.

కొనబోయేవారు డబ్బు కట్టే ముందు నమూనా ప్లాన్ అడిగి, అందులో సెంటెన్స్ కరెక్షన్ గానీ జామెట్రీ గానీ కనిపిస్తే ఫోన్ పెట్టేయండి. ఓటీపీ అడిగితే అది దేనికో ఆ సందేశంలోనే రాసి ఉంటుంది, పూర్తిగా చదవండి. ఇదే సంస్థ దగ్గర ఇదే అప్పులో ఇరుక్కుని రద్దు చేయించుకోగలిగినవారు ఎవరైనా ఉంటే, ఏ కాగితం చూపితే ఫైనాన్స్ కంపెనీ దిగివచ్చిందో దయచేసి కింద రాయండి. నా తర్వాతి వాయిదా 5వ తేదీన ఉంది.