పాసివ్ బేస్‌లో మితిమీరిన సిగ్నల్: ఏళ్ల తరబడి వాడి తేల్చుకున్నవి

పాసివ్ బేస్ గిటార్ అంటే సిగ్నల్ నీరసంగా ఉంటుందని, బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేసే గట్టిగా వస్తుందని మన బ్యాండ్లలో చాలామంది అనుకుంటారు. నాది ప్రెసిషన్ తరహా బేస్. లోపల ప్రీఆంప్ (సిగ్నల్‌ను ముందే పెంచే సర్క్యూట్) లేదు, బ్యాటరీ లేదు. కానీ అందులో ఉన్నది ఎక్కువ చుట్లు చుట్టిన, సెరామిక్ అయస్కాంతాల హాట్ పికప్, అంటే తీగ కదలికను మామూలుకంటే గట్టి సిగ్నల్‌గా మార్చే భాగం. ఇంట్లో బేస్‌ను కంప్యూటర్‌కి కలిపే రికార్డింగ్ ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ నాబ్ పూర్తిగా కిందికి తిప్పినా, ఇ తీగ గట్టిగా మీటితే సిగ్నల్ మితిమీరిందని చెప్పే ఎర్రలైటు వెలిగేది. గుంటూరులో మేం ఆరాధనలో వాయించే చర్చిలోనైతే మిక్సర్ దగ్గరి కుర్రాడు ప్రతి ఆదివారం చెయ్యెత్తి సైగ చేసేవాడు.

"అన్నా, ఫేడర్ సగానికి దించా. ఇంకా పగులుతోంది."

"ఫేడర్ కాదు తమ్ముడూ, పైన గెయిన్ తగ్గించు. ప్యాడ్ బటన్ ఉంటే నొక్కు."

అసలు సంగతంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. గెయిన్ అంటే ఛానెల్‌లోకి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్, ప్యాడ్ అంటే దాన్ని ముందే తగ్గించేది, ఫేడర్ అంటే బయటికి వెళ్లే మోతాదును మార్చేది. సిగ్నల్ పగిలేది ఛానెల్‌లోకి అడుగుపెట్టే చోట, మొదటి ఆంప్లిఫయర్ దశలో. అక్కడ శిఖరాలు తెగిపోయాక ఫేడర్ దించితే పగిలిన శబ్దమే చిన్నగా వినిపిస్తుంది, అంతే. పైగా బేస్‌లో ఇబ్బంది పెట్టేది సగటు స్థాయి కాదు, తీగను మీటిన మొదటి క్షణంలో ఎగిసే శిఖరం. స్లాప్ చేసినప్పుడు (బొటనవేలితో తీగను కొట్టి వాయించినప్పుడు) అది ఇంకా పైకి పోతుంది. మీటర్ నెమ్మదిగా కదిలే రకమైతే పచ్చలోనే తిరుగుతూ ఉంటుంది, చెవికి మాత్రం చిటపటలు వినిపిస్తాయి. అందుకే నేను మీటర్ కంటే చెవినే నమ్ముతాను.

ఇన్నేళ్లలో వాడిన ఉపాయాలన్నిటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది స్క్రూడ్రైవర్‌కి. పికప్ తీగకు ఎంత దగ్గరగా ఉంటే వోల్టేజ్ అంత ఎక్కువ. ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది, దాని పికప్‌ను రెండు ముక్కలుగా విడగొట్టింది 1957లో. ఆ విభజన ఈ పనికి బాగా కలిసొస్తుంది: ఇ, ఎ తీగల కింది ముక్కను, డి, జి తీగల కింది ముక్కను వేర్వేరుగా ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు. ఒక్కో ముక్కకు రెండు కొసలా రెండు స్క్రూలు, కింద స్పాంజి. స్క్రూను కుడివైపు తిప్పితే పికప్ కిందికి దిగుతుంది. అర చుట్టు తిప్పడం, తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి పోల్ పీస్‌కి (పికప్ పైన కనిపించే లోహపు మొనకి), తీగకి మధ్య ఖాళీని స్కేలుతో చూడడం, కాసేపు వాయించి వినడం, మళ్లీ అర చుట్టు. నా బేస్‌కి ఇ వైపు 4 మిల్లీమీటర్లు, జి వైపు 3 మిల్లీమీటర్ల దగ్గర కుదిరింది. ఇంటర్‌ఫేస్ ఎర్రలైటు అక్కడితో చాలావరకు ఆగిపోయింది.

లెవెల్ తగ్గడం ఒక్కటే కాదు, బోనస్‌గా స్వరం కూడా బాగుపడింది. పికప్ మరీ దగ్గరగా ఉన్నప్పుడు మీటగానే ఒక్క గుద్దు వచ్చి తర్వాత స్వరం తొందరగా సన్నబడేది. దించాక మొదటి గుద్దుకి, తర్వాతి నాదానికి మధ్య తేడా తగ్గి లైన్ సమంగా నడుస్తోంది. తీగల మధ్య హెచ్చుతగ్గులు కూడా అదే చేత్తో సరిచేసుకోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు. ఏదైనా కొనబోయే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించమని గట్టిగా చెబుతాను.

వాల్యూమ్ నాబ్ తగ్గించి వాయించడం అందరూ ముందు చేసే పని. కొంచెం తగ్గిస్తే పర్వాలేదు. మరీ తగ్గిస్తే మెరుపు పోతుంది, దానికి కారణం ఉంది. 250 కిలోఓమ్‌ల పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) తన నిరోధంలో సరిగ్గా సగం దగ్గర ఉన్నప్పుడు, కేబుల్‌కి అటునుంచి 60 కిలోఓమ్‌లకు పైగా నిరోధం కనిపిస్తుంది. మామూలు కేబుల్‌కి మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి పైస్థాయి ధ్వనిని మింగేస్తాయి: 6 మీటర్ల కేబుల్ వేస్తే 4 వేల హెర్ట్జ్ పైనున్న ధ్వని జారిపోవడం మొదలవుతుంది. పాత పాటల లైన్లు వేళ్లతో వాయించేటప్పుడు ఆ మందగింపు నాకు ఇష్టమే. స్లాప్‌కి మాత్రం పనికిరాదు.

ఇదే లెక్క తెలియక చాలామంది జాక్ దగ్గరే రెండు 470 కిలోఓమ్‌ల రెసిస్టర్లతో ప్యాడ్ కట్టుకుంటారు. సిగ్నల్ సగమవుతుంది, అంటే 6 డెసిబెల్స్ తగ్గుతుంది, నిజమే. కానీ ఆ తర్వాత పొడుగు కేబుల్ ఉంటే దుప్పటి కప్పినట్టుంటుంది. ప్యాడ్ కట్టాలంటే ఆంప్ కొసన కట్టాలి, లేదా ముందు బఫర్ (పికప్ మీద కేబుల్ భారం పడకుండా చూసే చిన్న సర్క్యూట్) పెట్టి దాని తర్వాత కట్టాలి. బఫర్ దాటాక 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు చాలు, స్వరానికి ఏమీ కాదు.

ఆంప్ మీద "పాసివ్", "యాక్టివ్" అని రెండు ఇన్‌పుట్‌లు కనిపిస్తే ఆ పేర్లకు కట్టుబడనక్కర్లేదు. యాక్టివ్ అని రాసినది సాధారణంగా ప్యాడ్ ఉన్న ఇన్‌పుట్, అంతకుమించి ఏమీ లేదు. ఆంపెగ్ ఎస్‌వీటీ క్లాసిక్‌లో 0 డీబీ, మైనస్ 15 డీబీ అని అంకెలతోనే రాశారు, అది నాకు నచ్చిన పద్ధతి. నా పాసివ్ బేస్‌ను రిహార్సల్ రూమ్ ఆంప్‌లలో యాక్టివ్ వైపే పెడతాను. పాత ఫెండర్ ఆంప్‌ల రెండో ఇన్‌పుట్ మాత్రం వేరే రకం. 6 డెసిబెల్స్ తగ్గిస్తూనే ఇన్‌పుట్ ఇంపీడెన్స్‌ను (వచ్చే సిగ్నల్‌కు అక్కడ ఎదురయ్యే నిరోధాన్ని) 10 లక్షల ఓమ్‌ల నుంచి లక్షా 36 వేలకు దించుతుంది. పికప్ మీద ఆ భారం పైస్థాయిల్లో వినబడుతుంది. గరుకు పికప్ ఉన్నవాళ్లకు అది మేలే చేయొచ్చు.

ఇక ఎక్కువ కాలం నాతో ఉన్నది బాస్ కంపెనీ జీఈబీ-7, బేస్ ఈక్వలైజర్ పెడల్. ఏడు బ్యాండ్‌లు, పక్కన లెవెల్ స్లైడర్, అన్నీ 15 డెసిబెల్స్ వరకు అటూ ఇటూ. నేను దీన్ని వాడేది ఈక్యూ కోసం కంటే లెవెల్ కోసమే. లెవెల్ స్లైడర్ మధ్యగీత కింద ఉంటుంది, 50 హెర్ట్జ్ స్లైడర్ ఇంకొంచెం కింద. హాట్ పికప్‌లో అడుగు ధ్వని అవసరానికి మించి ఉంటుంది, హెడ్‌రూమ్‌ను (పగలకుండా పైకి మిగిలే జాగాను) ముందు తినేసేది అదే. అది కాస్త కోస్తే మిగతా ఛైన్ అంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఒక్క షరతు: పెడల్ నడిచేది 9 వోల్టులతో. లెవెల్ స్లైడర్ తగ్గించేది బయటికి వెళ్లేదాన్ని, లోపలికి వచ్చేదాన్ని కాదు. వచ్చేది మితిమీరితే పెడల్ లోపలే పగులుతుంది. అందుకే ముందు పికప్ దించాలి, తర్వాతే పెడల్.

రికార్డింగ్‌లో ఈ పెడల్ ఇంకో దారి తెరిచింది. బేస్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కి పెడితే ఎర్రలైటు పోతుంది గానీ, ఇంపీడెన్స్ తక్కువ కాబట్టి స్వరం చచ్చిపోతుంది. మధ్యలో పెడల్ ఉంటే లైన్ ఇన్‌పుట్‌ను నిర్భయంగా వాడుకోవచ్చు, ఆ భారం పికప్ వరకు రాదు.

స్టేజ్ మీదైతే ప్యాడ్ ఉన్న డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కి తగ్గట్టు మార్చి పంపే డబ్బా) లేకుండా వెళ్లను. 20 డెసిబెల్స్ ప్యాడ్ అంటే వోల్టేజ్ పదో వంతుకు దిగుతుంది, కొన్నిసార్లు అది ఎక్కువే. రేడియల్ జేడీఐలో ప్యాడ్ 15 డెసిబెల్స్, అది పాసివ్ బేస్‌కి చక్కగా సరిపోతుంది. పెళ్లి స్టేజీల మీద ఎవరి మిక్సర్ వస్తుందో, ఎవరు కూర్చుంటారో తెలియదు. ప్యాడ్ నా చేతిలోనే ఉంటే ఆ బెంగ ఉండదు.

కంప్రెసర్ (పెద్ద శబ్దాలను నొక్కి స్థాయిని సమం చేసే పరికరం) కొనమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. స్వరాలను సమం చేయడానికి నాకూ ఇష్టమే, కానీ ఇది దాని పని కాదు. దాని ఇన్‌పుటే పగిలితే పగిలిన సిగ్నల్‌నే నొక్కుతుంది. పికప్ రెండు ముక్కలను సిరీస్ (ఒకదాని వెనక ఒకటి) నుంచి పారలల్‌కి (పక్కపక్కన) మార్చితే లెవెల్ దాదాపు సగానికి దిగుతుంది, హమ్ కూడా రాదు. కొన్ని నెలలు అలా వాయించాను. స్వరం సన్నబడి పైకి తేలింది, నేను ఈ పికప్ వేయించుకున్న బరువు పోయింది. మళ్లీ సిరీస్‌కే మార్పించాను.

పికప్ దించి వాడేవాళ్లు ఒకటి గమనించాలి. కింది స్పాంజి ఏళ్లు గడిచేకొద్దీ అణిగి గట్టిపడుతుంది, అప్పుడు పికప్ స్క్రూల మీద ఊగుతుంది, బొటనవేలు ఆనించగానే కిందికి పోతుంది. తీగలు మార్చేటప్పుడు వేలితో నొక్కి చూసి, వెంటనే పైకి తేలకపోతే కొత్త స్పాంజి ముక్క కోసి పెట్టుకోవాలి.