హానియా ఇంటి మీద కోపం, అర్హానెస్ భోజనానికి దండం

గ్రీస్ దేశంలోని క్రీట్ దీవికి వచ్చి హానియా పాత ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్ళెవరైనా సరే, డబ్బు కట్టకముందే మూడు సంగతులు మెసేజ్‌లో అడిగి, జవాబు దాచుకోండి. మెట్లు ఎన్ని? ఏసీకి వేరే డబ్బులా? ప్రభుత్వ పన్ను రాత్రికి ఎంత? ఫోన్లో చెప్పిన మాటకు ఇక్కడ విలువ లేదు. 2024 మే ఆఖర్న వరంగల్ నుంచి వచ్చిన స్నేహితులకు ఆ ఊళ్ళో జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఇంటికి వచ్చిన మనుషులు మా కళ్ళ ముందే మోసపోతుంటే ఎలా ఉంటుందో, పరాయి దేశంలో కాపురం పెట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మేముండేది ఇదే దీవిలో ఇంకో ఊరు, హెరాక్లియన్‌లో. మా ఆయన ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధకుడు. వచ్చినవాళ్ళు నలుగురు: నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్, వాళ్ళాయన, ఎంసెట్ రాసి కౌన్సెలింగ్ కోసం చూస్తున్న కూతురు, క్లాస్‌మేట్ అత్తగారు. ఆవిడది నిజామాబాద్ వైపు ఊరు, నేనూ అత్తమ్మ అనే పిలుస్తాను. గుడ్డు కూడా ముట్టరు, పైగా మోకాళ్ళ నొప్పులు. వీసా కోసం మా రెసిడెన్స్ పర్మిట్ కాపీ, ఇంట్లో ఉంచుకుంటామన్న ఉత్తరం పంపాను. ఫీజు అప్పటికి మనిషికి 80 యూరోలు, ఆ జూన్ 11 నుంచి 90 చేశారు. 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పదు.

మొదటి రోజులు హాయిగా గడిచాయి. పాత రాజభవనం శిథిలాలున్న క్నోసోస్‌కి పొద్దున ఎనిమిదికే వెళ్ళాం, టికెట్ అప్పట్లో 15 యూరోలు. బ్రిటిష్ పురావస్తువేత్త ఆర్థర్ ఎవాన్స్ 1900లో తవ్వకం మొదలుపెట్టి, తర్వాత కాంక్రీటుతో నిలబెట్టిన ఎర్ర స్తంభాలు చూసి, ఇందులో పాతదెంత కొత్తదెంత అని స్నేహితురాలి భర్త సణిగాడు. అదే మనిషి ఊళ్ళోని మ్యూజియంలో ఫైస్టోస్ పళ్ళెం అనే, గుర్తులు అచ్చొత్తిన పురాతన మట్టిబిళ్ళ ముందు నుంచి కదలలేదు. పది దాటాక క్నోసోస్‌లో నీడ దొరకదు, బస్సుల కొద్దీ జనం దిగుతారు. తొందరగా వెళ్ళి, మధ్యాహ్నం ఏసీ ఉన్న మ్యూజియంలో గడపండి.

హానియా ఇక్కడికి దాదాపు 140 కిలోమీటర్లు. ఏడు సీట్ల కారు రోజుకు 75 యూరోలు. స్నేహితురాలి భర్త ఆర్టీఏ ఆఫీసు నుంచి ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకున్నాడు. ఇండియా లైసెన్స్ ఒక్కటే చూపిస్తే కుదరదు కాబట్టి అది తప్పనిసరి. కానీ ఉత్తర తీరం హైవే మీద మా ఆయనే నడిపాడు. ఇక్కడ వెనక బండికి దారివ్వాలంటే సగం కారు రోడ్డు అంచు మీదికి దింపి నడపాలి, కొత్తవాళ్ళు బెదిరిపోతారు.

ఇల్లు రాత్రికి 190 చొప్పున మూడు రాత్రులకు 570, శుభ్రం చేసే ఖర్చు 50. బుక్ చేసే ముందే పెద్దావిడ మోకాళ్ళ సంగతి రాశాను. 'కొద్ది మెట్లే' అని జవాబొచ్చింది. చేరేసరికి సాయంత్రం ఆరు. కార్లు రాని సందు, సామాన్లు అరకిలోమీటరు ఈడ్చాం. తలుపు తీస్తే ఎదురుగా నిచ్చెనలా నిటారుగా చెక్క మెట్లు, ఒక వరస ఎక్కితే ఇంకో వరస. పాదం పూర్తిగా పట్టేంత వెడల్పు లేదు. పట్టుకోవడానికి తాడు కట్టారు, కమ్మీ లేదు. అత్తమ్మ కూర్చుని ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కారు. కొంగుతో మొహం తుడుచుకుంటూ 'ఏం గాదు బిడ్డా' అంటుంటే నాకు కన్నీళ్ళొచ్చాయి.

పైకి చేరాక అసలు కథ. ఏసీ రిమోట్లు లేవు. ఓనర్ జేబులోంచి తీసి, గదికి రాత్రికి 8 యూరోలన్నాడు. రెండు గదులు, మూడు రాత్రులు, 48. ప్రకటనలో 'ఏసీ ఉంది' అనే ఉంది, డబ్బు మాట ఎక్కడా లేదు. ఆ తర్వాత ప్రభుత్వ పన్ను మనిషికి రాత్రికి 10, మొత్తం 180, నగదుగా ఇవ్వమన్నాడు. మా ఆయన గ్రీకు బాగా మాట్లాడతాడు. ఆ ఏడాది అద్దె ఫ్లాట్లకు వేసవిలో ఆ పన్ను రాత్రికి 1.50, అదీ ఇంటికి, మనిషికి కాదు. మూడు రాత్రులకు 4.50. ఫోన్లో నిబంధన తీసి చూపించి రసీదు ఇస్తే కడతానన్నాడు. ఓనర్ మొహం మారిపోయింది. మీరు విదేశీయులు, మీకు తెలియదు అన్నాడు. రసీదు మాట మళ్ళీ ఎత్తేసరికి 4.50 కూడా తీసుకోకుండా దిగిపోయాడు. ఆ మాటలన్నీ సోఫాలో కూర్చున్న స్నేహితురాలికి అర్థం కాకపోయినా, మా వల్ల మీకు గొడవ అని రాత్రంతా నలిగిపోయింది. మాకు గ్రీకు రాకపోతే 180 యూరోలు అతని జేబులోకి పోయేవే.

2025 నుంచి ఈ పన్ను ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మామూలు అద్దె ఫ్లాట్‌కి రాత్రికి 8 యూరోలైంది. ఇప్పుడు వచ్చేవాళ్ళు అదీ లెక్కలో వేసుకోండి, అయితే అదీ ఇంటికే. మనిషి లెక్కన ఎవరడిగినా ఇవ్వకండి. అద్దె ఇల్లు రిజిస్టర్ అయితే ప్రకటనలో ఏఎంఏ అనే నంబరు ఉండాలి, లేని ఇల్లు తీసుకోవద్దు.

మర్నాడు పొద్దున్నే నేను, స్నేహితురాలు నెయా హోరా వైపు నడిచాం. పాత రేవుకి పడమర, సముద్రం ఒడ్డునే ఉన్న పేట. ఒక కుటుంబం నడిపే చిన్న లాడ్జిలో కింది అంతస్తు గది రాత్రికి 65కి దొరికింది. తలుపు బయటే నిమ్మచెట్టు, పది అడుగుల్లో బల్ల, కుర్చీలు. ఇంటావిడ అత్తమ్మ మోకాళ్ళు చూసి అడగకుండానే కుర్చీ బాత్రూమ్‌లో వేసింది. ఆ రెండు రాత్రుల 130 మాకు అదనపు ఖర్చే, కానీ అత్తమ్మ హాయిగా నిద్రపోయారు. మెట్ల ఫొటోలు, 'కొద్ది మెట్లే' మెసేజ్ పంపితే బుకింగ్ యాప్‌వాళ్ళు కొన్ని వారాలకు ఒక రాత్రి డబ్బు, 190, వెనక్కిచ్చారు. మెసేజ్ దాచుకోమన్నది ఇందుకే.

హానియా ఊరు మాత్రం అందంగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. వెనిస్ వాళ్ళ కాలం నాటి రేవు, చివర దీపస్తంభం, సాయంత్రం నడవడానికి దాన్ని మించింది ఈ దీవిలో లేదు. కానీ రేవు ఒడ్డు హోటళ్ళలో తినకండి. మేం తిన్న చోట పాస్తా 16, సలాడ్ 13, అడగని బ్రెడ్‌కి మనిషికి 2, మొత్తం బిల్లు 118 యూరోలు. శాకాహారం అని రెండుసార్లు చెప్పి తెప్పించిన బీన్స్‌లో మాంసం ముక్క వచ్చింది. అత్తమ్మ స్పూను కింద పెట్టి, మంచినీళ్ళు తాగి, లేచారు. ఆ రాత్రి ఆవిడకి పెరుగన్నం, మామిడికాయ తొక్కే. ఇక్కడ మెనూ మీద, రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదని రాసి ఉండాలని చట్టం. అది చదివి, రసీదు అడిగి తీసుకోండి.

ఎలఫొనీసి బీచ్ గులాబీ ఇసుక చూడాలంటే హానియా నుంచి తెల్లవారుజామునే బయల్దేరాలి, ఎనిమిదిన్నరలోపు చేరితే బాగుంటుంది. ఇసుక తీసుకెళ్ళడం నిషేధం. బాలోస్ బీచ్‌కి వెళ్ళలేదు, చివరి ఎనిమిది కిలోమీటర్ల మట్టిరోడ్డు మీద కారు దెబ్బతింటే మా అద్దె ఇన్సూరెన్స్ వర్తించదు.

తిరిగి హెరాక్లియన్ వచ్చాక సాంటొరిని దీవి గొడవ. కూతురికి ఆ నీలం గుమ్మటాల ఫొటోలే కావాలి. అత్తమ్మ కాక మిగతా ముగ్గురికీ వేగంగా వెళ్ళే ఓడ టికెట్లు ఒక్కొక్కటీ 89, వెళ్ళిరావడానికి 534. ఆ దీవిలోని ఇయా ఊళ్ళో గుహగది ఒక్క రాత్రికి 240, రద్దు చేస్తే డబ్బు రాదన్న షరతు మీద. ఆ పొద్దున గాలి లేచింది. రేవు అధికారులు ఓడల్ని కదలనివ్వలేదు. పిల్ల రేవు మెట్ల మీద బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. వాతావరణం వల్ల రద్దయితే టికెట్ డబ్బు వాపసు ఇవ్వాలని యూరోపియన్ నిబంధన, 534 వచ్చేసింది. 240 పోయింది. ఈ సముద్రంలో జూలై, ఆగస్టుల్లో మెల్తెమీ గాలులు ఇంకా గట్టిగా వీస్తాయి. దీవి నుంచి దీవికి వెళ్ళే రోజు గదిని, రద్దు చేసుకోగలిగేదే బుక్ చేయండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. పెద్దవాళ్ళతో, శాకాహారంతో వచ్చేవాళ్ళు సాంటొరినిని మానేసినా ఏమీ పోదని నా గట్టి నమ్మకం. ఒక రాత్రికి అక్కడ పెట్టేదాంతో ఇక్కడ మూడు రాత్రులు గడుస్తాయి.

ఆ రోజు మధ్యాహ్నం ఏం చేయాలో తోచక అందరినీ అర్హానెస్ తీసుకెళ్ళాం. హెరాక్లియన్‌కి దక్షిణంగా అరగంట దారి, యూక్తాస్ కొండ కింద ద్రాక్షతోటల మధ్య ఊరు. చౌరస్తాలో చెట్ల కింద బల్లలేసిన చిన్న తవెర్నా, అంటే ఇక్కడి భోజన హోటల్. ఇలాంటి చోట మెనూ చూడక్కర్లేదు, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చూసి చెప్పొచ్చు. 'నిస్తీసిమో ఏముంది?' అని మా ఆయన అడిగాడు, అంటే ఉపవాసం రోజుల వంట. ఆర్థడాక్స్ చర్చి ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అయితే ఆక్టోపస్, రొయ్యలు తినొచ్చు కాబట్టి అవి వద్దని విడిగా చెప్పాల్సిందే.

వంటావిడ డెబ్బై దాటిన మనిషి. అత్తమ్మని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ఒక్కో ట్రే మూత తీసింది. టమాటా, బెండకాయ కలిపి నూనెలో మగ్గించిన కూర. బియ్యం, పుదీనా కూరిన టమాటాలు, క్యాప్సికమ్. మెత్తగా ఉడికించి నూనె, ఉల్లిపాయ వేసిన పసుపు పప్పు. చివరి గిన్నెలో లేత కాడలతో సహా ఉడికించిన ఆకుకూర, గ్రీకువాళ్ళ వ్లీతా, అంటే మన తోటకూర జాతే. పక్కన కోసిపెట్టిన టమాటా సలాడ్‌లో దళసరి చిన్న ఆకులు పచ్చిగా కలిసి ఉన్నాయి. అత్తమ్మ ఒక ఆకు తీసి గిల్లి, వాసన చూసి, కోడలి వైపు తిరిగారు. 'ఇది గంగవాయిలి కూర గదనే! మా చెలకల్ల కలుపు తీసి పారేస్తుంటం, పప్పుల ఏస్కుంటం. వీళ్ళు పచ్చిదే తింటున్నరు.' నేను గ్రీకులోకి మార్చి చెప్తే వంటావిడ అరచేత్తో బల్ల చరిచి, ఇంకో గుప్పెడు ఆకు తెచ్చి అత్తమ్మ పళ్ళెంలో వేసింది.

వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ కడుపు నిండా తిన్న భోజనం అదే. తోటకూర మీద నిమ్మకాయ పిండుకున్నారు, కారం అడిగితే బూకవో అనే ఎండుమిరప పలుకులు తెచ్చారు, అన్నం బదులు బార్లీ రస్కు పప్పులో నానబెట్టుకుని తిన్నారు. స్నేహితురాలి భర్త చిక్కటి ఆలివ్ నూనె చూసి మొదట వెనకాడాడు, తర్వాత ట్రే ఖాళీ అయ్యేదాకా బ్రెడ్‌తో తుడిచాడు. పిల్ల పొద్దుటి అలక మరిచి వంటావిడతో ఫొటోలు దిగింది. ఆరుగురికీ బిల్లు 74 యూరోలు. చివర్లో పుచ్చకాయ, చిన్న సీసాలో రాకీ అనే ఇక్కడి సారా వాళ్ళ తరఫున. హానియా రేవులో 118 పెట్టి ఆకలితో లేచాం, ఇక్కడ 74కి కడుపూ మనసూ నిండాయి. ఊరివాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చి తినే చోట వంట బాగుండకపోతే కొట్టు నడవదు. వెతికి అలాంటి చోటుకే వెళ్ళండి.

ఇంకో రోజు ప్లాకా అనే పల్లె నుంచి పడవలో స్పినలోంగా వెళ్ళాం, పడవ 12, ప్రవేశం అప్పట్లో 8. 1903 నుంచి 1957 దాకా కుష్ఠురోగుల్ని ఉంచిన చిన్న దీవి. పిల్లకి విసుగొచ్చింది. అత్తమ్మ మాత్రం డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి గురించి చిన్నప్పుడు విన్నవన్నీ చెప్తూ, మోకాళ్ళ నొప్పితోనే వీధి చివరిదాకా నడిచారు. నా లెక్కలో ఈ దీవిలో క్నోసోస్ కంటే ఇదే ముందు చూడాలి.

వెళ్ళేటప్పుడు రాత్రి ఓడలో పంపాను. నలుగురికీ క్యాబిన్ 268, పొద్దున ఆరుకల్లా ఏథెన్స్ రేవు పిరేయస్. విమానం గంటలోపే తీసుకెళ్తుంది, కానీ క్యాబిన్ అంటే ఒక రాత్రి హోటల్ మిగిలినట్టే, పెట్టెల బరువు ఎవరూ తూచరు. వాళ్ళు ఏథెన్స్‌లో దిగింది జూన్ 12న. ఎండ తీవ్రత వల్ల ఆ రోజు, మర్నాడు పాత గుళ్ళున్న అక్రోపోలిస్ కొండని మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా మూసేశారు. టికెట్ అప్పట్లో 20, గంటల వారీ స్లాట్లు. వీళ్ళకి నేను తీసింది 13న పొద్దున ఎనిమిది స్లాట్. పదిన్నరకల్లా కిందికొచ్చి, అత్తమ్మ కూర్చుని ఉన్న అక్రోపోలిస్ మ్యూజియం చల్లదనంలోకి చేరారు. వేసవిలో ఎవరొచ్చినా ఎనిమిది గంటలదే తీసుకోండి, పదకొండుది ఎంత తేలిగ్గా దొరికినా వద్దు.