ఫ్రిజ్‌లో పెట్టే ‘ఫ్రెష్‌నెస్’ డబ్బీలు కొనేముందు ఒక్కసారి చదవండి

కూరగాయలు, పళ్లు రెండింతలు నిలవుంటాయంటూ ఆన్‌లైన్‌లో చిన్న ప్లాస్టిక్ డబ్బీలు అమ్ముతున్నారు. ఫ్రిజ్ కింది అరలో పడేస్తే చాలట. ‘కెమికల్స్ లేవు, నూరు శాతం నేచురల్’ అని పెద్దక్షరాలు. కొన్నాను. ఆకుకూర ఎప్పట్లాగే వాడిపోయింది, స్ట్రాబెర్రీలకు ఎప్పట్లాగే బూజు పట్టింది. డబ్బు వెనక్కి ఇవ్వమంటే సీల్ విప్పాక కుదరదన్నారు. లోపల ఏముందని అడిగితే ‘సహజ ఖనిజం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు.

ఈ డబ్బీల వెనకున్న సైన్సు మాత్రం అబద్ధం కాదు. అరటి, టమాటా, యాపిల్ పండేటప్పుడు ఎథిలీన్ వాయువు వదులుతాయి. అది పక్కనున్నవాటినీ తొందరగా పండిస్తుంది. జియొలైట్ లాంటి ఖనిజానికి పొటాషియం పర్మాంగనేట్ అనే రసాయనం పట్టిస్తే ఆ వాయువు దానితో కలిసి విరిగిపోతుంది. సరుకు పనిచేస్తున్నంత కాలం డబ్బీలోని ఆ ఖనిజం గుళికలు ఊదారంగులో ఉంటాయి, సత్తువ అయిపోయాక గోధుమరంగుకు తిరుగుతాయి. నాకొచ్చినవి సీల్ తీసేసరికే గోధుమరంగులో ఉన్నాయి! అప్పటికే చచ్చిన సరుకైనా అయ్యుండాలి, ఉత్త మట్టిగుళికలైనా అయ్యుండాలి.

సరుకు మంచిదే వచ్చినా అన్నిటికీ పనికిరాదు. ఆకులు పసుపెక్కడంలో ఎథిలీన్ చెయ్యి ఉంది గానీ, వాడిపోవడం నీరు ఆవిరైపోవడం వల్ల. స్ట్రాబెర్రీని పాడుచేసేది బూజు. ఈ తేడా ఏ ప్రకటనలోనూ రాయరు.

రివ్యూలు చదువుతుంటే నవ్వొచ్చింది. యాపిల్ మీద మైనాన్ని విషమని తిట్టినవాళ్లే దీనికి ఐదు స్టార్లు ఇచ్చారు. ఆ పూత చాలాసార్లు కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనమో, లక్కో. ఆహారంలో వాడే పదార్థాలకు ఇచ్చే ఈ903, ఈ904 అనే నంబర్లు కూడా వాటికి ఉన్నాయి. పాడవకుండా రేడియేషన్ తగిలించిన ఆహారమంటే కూడా అంతే బెదురు. 10 కిలోగ్రేల (రేడియేషన్ కొలత) మోతాదు వరకు ఆహారానికి విషప్రమాదం లేదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ), ప్రపంచ ఆరోగ్య సంస్థల (డబ్ల్యూహెచ్‌ఓ) ఉమ్మడి నిపుణుల కమిటీ 1980లోనే తేల్చింది. ఏం చేశారో లేబుల్ మీద చెప్పినదాన్ని అనుమానిస్తాం, ఏముందో చెప్పనిదాన్ని నేచురల్ అంటే నమ్మేస్తాం.

అయినా కొనాలనుకుంటే లోపలి పదార్థం పేరు, గడువు తేదీ, రంగు మారే గుర్తు ఉన్నాయో లేదో చూడండి. సీల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. పర్మాంగనేట్ గుళికలు చర్మాన్ని మండిస్తాయి, బట్టలకు మరక పెడతాయి. పిల్లల చేతికి అందనివ్వకండి. ఇదే పనికని అమ్మే, ఓజోన్ వాయువు వదిలే పరికరాల జోలికి మాత్రం అసలు పోకండి. ఆ ఘాటు వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.