పోకర్ టోర్నమెంట్ మొదట్లో టైట్‌గా ఆడడం: చాన్నాళ్ళు ఆడినాక నా మాట

ఆట రూల్స్ తెలిసినోళ్ళ కోసమే ఇది. డబ్బులు పెట్టి ఆన్‌లైన్ పోకర్ మన ఏపీలో 2020 నుంచే నిషేధం, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది, కాబట్టి నేను చెప్పేదంతా యాప్‌లో ఫ్రీ చిప్స్ టోర్నమెంట్లు, ఇంకా ఆదివారం తిరుపతిలో మా మిద్దె మీద ఉత్త చిప్స్‌తో ఫ్రెండ్స్ ఆడే ఆట గురించే.

టైట్ ఆటలో, అంటే ఎంచుకున్న ముక్కలకే దిగి మిగతావి మడిచేసే ఆటలో, నాకు ప్రాణం ఒకటే, చిన్న జతలు. టైట్ అంటే పెద్ద జతో, ఆసు రాజో వచ్చేదాకా గమ్మున కూర్చోవడమే అనుకుంటారు చాలామంది, అది కాదబ్బా. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు వేయాల్సిన పందెం) 10/20, చేతిలో 2000 చిప్స్ ఉన్నప్పుడు ఐదుల జతకి 60 పెట్టి ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) చూస్తే పోయేది మూడు శాతం. మూడో ఐదు పడేది సుమారు ఎనిమిదిన్నరసార్లకి ఒకసారి, పడలేదా వదిలేయడమే.

మొన్నొక ఆదివారం మొదటి లెవెల్లోనే రేణిగుంట నుంచి వచ్చే మా మచ్చా 60కి రేజ్ చేసినాడు. వాడు ఏ రెండు ముక్కలొచ్చినా దిగే మనిషి. నేను బటన్ మీద, అంటే ఫ్లాప్ నుంచి ఆఖర్న ఆడే సీటులో, ఐదుల జతతో కాల్ చేసినా, మిగతావాళ్ళు మడిచేసినారు. ఫ్లాప్ రాజు, ఐదు, రెండు. వాడు 100 వేసినాడు, నేను సప్పుడు చేయకుండా కాల్. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, తొమ్మిది పడింది, వాడు 250 వేస్తే నేను 700 చేసినా, వాడు ఆలోచించకుండా మొత్తం తోసేసినాడు. తిప్పితే రాజు తొమ్మిది, రెండు జతలు! రివర్‌లో, అంటే ఆఖరి ఐదో ముక్కగా, రాజో తొమ్మిదో పడితే నేను అవుట్, ఆ నాలుగు ముక్కలే వాడికి దారి. ఏడు పడింది. "నీ దగ్గర ఐదులుంటాయని ఎవుడు కలగన్నాడు మచ్చా" అని లేచిపోయినాడు, నాకు ఆ ఒక్క హ్యాండ్‌తో చిప్స్ రెట్టింపు.

అయితే మిద్దె మీద ఇప్పుడు అందరికీ నా ఆట తెలిసిపోయింది, ఆసుల జతతో రేజ్ చేసినా అందరూ మడిచేస్తారు, దక్కేది బ్లైండ్స్ 30 చిప్సే. అందుకే అప్పుడప్పుడు బటన్ మీద నుంచి ఒకే రంగు ఏడు ఎనిమిదితో కూడా రేజ్ చేస్తా ఉండా. యాప్ సంగతి ఇంకోలా ఉంటుంది, ఊరికే వచ్చిన చిప్స్ కదా, మొదటి హ్యాండ్‌కే నలుగురు ఆల్‌ఇన్ అంటారు, అక్కడ చిన్న జతకి చవకగా ఫ్లాప్ చూసే వీలే ఉండదు, పెద్ద జత కోసం చూడాల్సిందే, కానీ ఆసుల జత సగటున 221 హ్యాండ్స్‌కి ఒకసారి వస్తుంది. మూడు నిమిషాలకోసారి బ్లైండ్స్ పెరిగే టర్బోలో ఆ ఓపికకి టైమ్ యాడుంది?

నాకు రాత్రి షాపు కట్టేసినాక ఒక్క టోర్నమెంట్‌కే టైమ్, రీఎంట్రీ ఉండదు, ఒకసారి పోతే ఆ రోజుకి అంతే, కాబట్టి నాకు టైటే. మా మచ్చా లాగా రీఎంట్రీ ఉన్నచోట ఆడేవాళ్ళని లూజ్ (ఎక్కువ హ్యాండ్స్‌కి దిగే ఆట) వద్దని నేను అనలేను. మొదట్లో చిప్స్ పోగేసిన రోజు వాడు యాంటీలు (ప్రతి హ్యాండ్‌కీ ముందే వేయాల్సిన చిప్స్) మొదలయ్యాక ప్రతి హ్యాండ్‌కీ రేజ్ చేసి మమ్మల్నందర్నీ ఊపిరాడనియ్యడు.